ఆగస్టు ఎండలో ఫుట్‌బాల్ సాధన: కళ్ళు తిరిగిన మీ అబ్బాయి విషయమై

నమస్కారమండీ. అట్లాంటా దగ్గర హైస్కూల్లో చేరిన మీ అబ్బాయి అమెరికన్ ఫుట్‌బాల్ (హెల్మెట్, ప్యాడ్లు తొడుక్కుని ఆడేది) సాధన మొదటి రోజే కళ్ళు తిరిగి కూలబడ్డాడనీ, నీళ్ళ సీసాలు ఎక్కువ పంపితే చాలునా అనీ అడిగారు. ముందుగా డాక్టరుకు చూపించండి. అంతవరకు మైదానానికి పంపవద్దు. నీళ్ళు అవసరమే గానీ వాటితోనే వడదెబ్బ ఆగదు. ఎండకు ఒళ్ళు అలవాటు పడడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది కనుక, మొదటి రెండు రోజులు హెల్మెట్ మాత్రమే, ఆపైన ఐదో రోజు వరకు భుజాల ప్యాడ్లు, ఆరో రోజు నుంచే పూర్తి సరంజామా అని అమెరికా అథ్లెటిక్ ట్రైనర్ల సంఘం 2009లోనే సూచించింది.

అట్లాంటా ఉన్న జార్జియా రాష్ట్రపు హైస్కూళ్ళలో 2012 నుంచి తేమనూ ఎండ తీవ్రతనూ కలిపి చూసే వెట్ బల్బ్ గ్లోబ్ కొలత అమలులో ఉంది. అది 92 ఫారెన్‌హీట్ దాటితే బయట సాధన చేయించకూడదు. ఫోనులో కనబడే ఉష్ణోగ్రత దీనికి పనికిరాదు.

కోచ్‌ను మొహమాటపడకుండా అడగవలసినది మరొకటుంది: మైదానం పక్కనే మంచునీళ్ళ తొట్టి సిద్ధంగా ఉంటుందా? మాట తడబడి, ఎక్కడున్నాడో చెప్పలేక, ఒళ్ళు కాలిపోతున్న పిల్లవాడికి ప్యాడ్లు ఊడదీసి, మెడ వరకు అందులో దించి, అత్యవసర నంబరు 911కు ఫోన్ చేసి, చల్లబరిచాకే ఆసుపత్రికి తరలించాలి. చెమట కారుతోంది కదా అని వడదెబ్బ కాదనుకోవద్దు. ఆటగాళ్ళకు చొక్కా తడిసి ముద్దయి ఉండగానే అది వస్తుంది.