నాసిక్ ద్రాక్షతోటల కోసం చీటీ పాడాలా?

నిజామాబాద్ నుంచి ఒక టీచరమ్మ రాశారు. భార్యాభర్తలిద్దరికీ కలిపి నెలకు చేతికొచ్చేది 84,000. ఇంటి లోను కిస్తీ 23,500, సిప్‌కు (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టేది) 8,000, చీటీకి 10,000, ఇంటి ఖర్చు 32,000. పెళ్లై పదేళ్లు నిండుతున్న సందర్భంగా నాసిక్ వైనరీలు (తోటల్లోనే వైన్ తయారుచేసే చోట్లు) చూడాలని వాళ్లాయన కోరిక. అత్తయ్య, మామయ్యలకేమో షిర్డీ, త్రయంబకేశ్వరం మొక్కు ఉంది. నలుగురూ కలిసి వెళ్లొస్తే సరిపోతుందనుకున్నారు. వాళ్లాయన తోట పక్కనే ఉన్న రిసార్టులో రోజుకు 8,000 చొప్పున రెండు గదులు చూసి పెట్టారు. మొత్తం 90,000 దాకా అవుతుందని అంచనా. ‘రెండు లక్షల ఎఫ్‌డీ తీయాలా, చీటీ పాడాలా, క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టుకోవాలా? జనవరి 26కి వెళ్లాలా, వేసవి సెలవులకా?’ అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది తర్వాత చూద్దాం. ముందు తేదీ తేల్చుకోవాలి, ఎందుకంటే మీ ఖర్చులో సగం తేదీ మీదే ఆధారపడి ఉంది.

జనవరి 26 డ్రై డే, అంటే మద్యం అమ్మని రోజు. ఆ రోజు వైనరీకి వెళితే తోట చూసి రావడమే, చుక్క పోయరు. 2027లో అది మంగళవారం వచ్చింది. సోమవారం సెలవు పెడితే నాలుగు రోజులు కలిసొస్తాయని మీరు లెక్క వేసినట్టే ముంబై, పుణె వాళ్లూ వేస్తారు. ముంబై నుంచి నాసిక్ 170 కిలోమీటర్లే. శని, ఆదివారాల్లో వాళ్లు కార్లేసుకుని వచ్చేస్తారు, గదుల రేట్లూ అలాగే లేస్తాయి.

వేసవి సెలవులైతే ఇంకా నష్టం. యూరప్‌లో ద్రాక్ష కోతలు ఆగస్టు, సెప్టెంబరులో మొదలవుతాయి. నాసిక్ ఉష్ణ ప్రాంతం. అక్కడ తీగకు చలికాలపు నిద్ర ఉండదు కాబట్టి రైతే ఏడాదికి రెండుసార్లు కత్తిరించి దాన్ని దారిలో పెడతాడు. వేసవి మొదట్లో ఒకసారి, వానలు వెనక్కి తగ్గాక అక్టోబరు ప్రాంతంలో మరోసారి. రెండో కత్తిరింపు తర్వాత వేసిన గెలలు చల్లటి రాత్రుల్లో పండి జనవరి నుంచి మార్చి లోపు కోతకొస్తాయి. మే నెలలో వెళితే గెల ఒక్కటీ కనబడదు, ఎండ మాత్రం మాడుస్తుంది. డబ్బు పెట్టి వెళ్లేది ఖాళీ పందిళ్లు చూడటానికి కాదు కదా.

కాబట్టి ఫిబ్రవరి రెండో వారం, పనిరోజులు. ఫిబ్రవరి 8 సోమవారం రాత్రి అజంతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి నగర్‌సోల్‌లో దిగండి. షిర్డీకి మనవాళ్లంతా వెళ్లే దారే అది. మంగళవారం రాత్రి షిర్డీలోనే ఉండండి. గురువారమైతే బాబా వారం, క్యూ చూస్తేనే మామయ్యగారికి నీరసం వస్తుంది. బుధవారం కారులో నాసిక్, రెండు గంటల ప్రయాణం. శుక్రవారం రాత్రి నాసిక్ రోడ్ స్టేషన్‌లో దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెనక్కి. మీకు నాలుగు క్యాజువల్ లీవులు పోతాయి, అదీ ఖర్చే, కాదనను. యాత్ర ఇంకా వాయిదా వేసి 2027 వానాకాలంలోకి మాత్రం నెట్టకండి. అప్పుడు అక్కడ కుంభమేళా స్నానాలు.

ఇక గది. 8,000 గదికి బిల్లు 8,000 రాదు. రోజు అద్దె 7,500 దాకా జీఎస్టీ 5 శాతం, ఆ పైన ఒక్క రూపాయి ఎక్కువైనా మొత్తం మీద 18 శాతం. అంటే 7,500 గది 7,875కి వస్తే, 8,000 గది 9,440 అవుతుంది. అద్దెలో తేడా 500, బిల్లులో 1,565. పైగా అలాంటి ఖరీదైన గదులున్న హోటల్లోని రెస్టారెంటు బిల్లు మీద కూడా సాధారణంగా 18 శాతమే పడుతుంది, బయట హోటల్లో 5 శాతం. రెండు గదులు, రెండు రాత్రులు అంటే మీ వారు చూసిన రిసార్టుకు 37,760. ఊళ్లో 3,000 గదులు తీసుకుంటే పన్నుతో కలిపి 12,600. పాతిక వేలు ఇక్కడే మిగిలాయి. అత్తయ్యగారికి పంచవటి, రామకుండం దగ్గరుంటే చాలు, ద్రాక్షతోట వైపు కిటికీతో ఆవిడకేం పని?

నాసిక్ వైనరీలన్నీ ఒక్క చోట లేవు, కారు ఖర్చు పెరిగేది అందువల్లే. సులా, యార్క్, సోమ గంగాపూర్ డ్యాం వైపున్నాయి. గ్రోవర్ జంపా, వల్లోనె ఇగత్‌పురి వైపు. షాండన్ దిండోరి వైపు. పేరున్నవన్నీ ఒకే రోజు చూడాలనుకుంటే రోజంతా కారులోనే గడుస్తుంది. లోకల్ ప్యాకేజీ సాధారణంగా 8 గంటలు, 80 కిలోమీటర్లు. పొద్దున త్రయంబకేశ్వరం వెళ్లి రావడానికే దాదాపు 60 అయిపోతాయి. మధ్యాహ్నం పెద్దవాళ్లను గదిలో దింపి సాయంత్రం మీరిద్దరూ గంగాపూర్ వైపు వెళితే 80 దాటుతుంది. కిలోమీటరుకు, గంటకు అదనం ఎంతో ముందే అడిగి, మెసేజ్ పెట్టించుకోండి. ‘మేమే నడుపుకుంటాం’ అన్న ఆలోచన మాత్రం వద్దు, టేస్టింగ్ (వైన్ల రుచి చూడటం) తర్వాత స్టీరింగ్ పట్టకూడదు.

టేస్టింగ్, భోజనం, అక్కడ తాగే ఒక సీసా కలిపి ఇద్దరికీ 6,000 పెట్టుకోండి. ఇంటికి సీసాలు తెచ్చుకోవడానికి మాత్రం నేను పైసా కేటాయించలేదు. వైనరీ బయటికి వెళ్లే దారి కొట్టు గుండానే ఉంటుంది, రెండు గుక్కల తర్వాత ‘ఒక పెట్టె సీసాలు తీసుకుందాం’ అనిపిస్తుంది. మద్యం జీఎస్టీలో లేదు, ఏ రాష్ట్రం పన్ను ఆ రాష్ట్రానిదే. మహారాష్ట్ర పన్ను కట్టిన సీసా మన ఎక్సైజ్ వాళ్లకు నాన్ డ్యూటీ పెయిడ్ సరుకు, అంటే ఇక్కడి పన్ను కట్టనిది. టీచరుద్యోగంలో ఉన్నవాళ్లకు ఆ టెన్షన్ దేనికి?

నా లెక్క ఇది: రైలు 9,000, షిర్డీ గదులు 3,000, నాసిక్ గదులు 12,600, కారు 15,000, తిండి 10,000, వైన్ 6,000. మొత్తం 55,600. అనుకోని ఖర్చులకు ఇంకో 6,000. 61,600 అయింది.

మీ జీతాల్లో అన్నీ పోను నెలకు 10,500 మిగులుతోంది. జులై నుంచి జనవరి దాకా నెలకు 9,000 చొప్పున ఆర్‌డీ కడితే 63,000. ఏ అప్పూ అక్కర్లేదు.

ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. కిస్తీ, చీటీ, ఇంటి ఖర్చు కలిపితే మీకు నెలకు 65,500 కావాలి, ఆ రెండు లక్షలు సరిగ్గా మూడు నెలలకే వస్తాయి. కార్డు ఈఎంఐ సంగతి: 70,000 మీద 14 శాతం వడ్డీ, ఏడాది గడువు అనుకుంటే నెలకు 6,285, వడ్డీయే 5,400 పైన. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే. ఫొటోలు పాతబడ్డాక కూడా కిస్తీ కడుతూ ఉండాలి.

చీటీ పాడటం వీటన్నిటికంటే ఖరీదు. ఇప్పుడే పాడితే పెద్ద మొత్తం తగ్గించుకోవాలి. మీకు కావలసింది అరవై వేలు, చేతికొచ్చేది లక్ష పైన. మిగిలినది ఇంట్లో నిలుస్తుందన్న నమ్మకం నాకు లేదు, బహుశా ఫ్రిజ్ మారుతుంది. చివరి దాకా ఉంచితే అదే చీటీ మీ ఇంటి లోను అసలులో కొంత తగ్గిస్తుంది.

ఉత్తరం చివర మీ వారు సులా షేర్లు కొనమంటున్నారని రాశారు. 2022 డిసెంబరులో 357 రూపాయల దగ్గర పబ్లిక్ ఇష్యూకొచ్చిన షేరది. బాగా పెరిగింది, తర్వాత ఇష్యూ ధర కంటే కిందికీ దిగింది. వైన్ నచ్చడం వేరు, ఆ కంపెనీ లెక్కలు చదవడం వేరు. రెండోది చేశారేమో ఆయన్ని అడగండి.

రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. వెళ్లే టికెట్లకు డిసెంబరు 10 పొద్దున 8 గంటలు. పెద్దవాళ్లకు కింది బెర్తులు అప్పుడైతేనే దొరుకుతాయి.