రాజీనామా రాయించుకున్నా గ్రాట్యుటీ పోదు

ప్రశ్న: బెంగళూరులో స్టేట్ సిలబస్ ఉన్న ఒక ప్రైవేటు హైస్కూల్లో (ఎయిడ్ లేదు) 1996 జూన్ 1 నుంచి లెక్కల టీచరుగా పనిచేశాను. జీతం 46,000. అందులో బేసిక్, డీఏ కలిపి 28,600. కరోనా వచ్చాక 2020 జూన్ నుంచి నలభై శాతం కోసేశారు. ఆన్‌లైన్ క్లాసులు మాత్రం రోజూ చెప్పించుకున్నారు. 2021 మార్చిలో నన్నూ, మరో ఐదుగురు సీనియర్లనూ పిలిచి, వాళ్లే టైపు చేసుకొచ్చిన కాగితం మీద 'ఆరోగ్య కారణాలతో స్వచ్ఛందంగా' తప్పుకుంటున్నట్టు సంతకాలు పెట్టించుకున్నారు. మార్చి 31 ఆఖరి రోజు. అప్పటికి నాకు 57. అపాయింట్‌మెంట్ ఆర్డరు ప్రకారం 60 దాకా సర్వీసు ఉంది. గ్రాట్యుటీ అడిగితే టీచర్లకు లేదన్నారు. గట్టిగా అడిగితే నో డ్యూస్ మీద సంతకం పెట్టారుగా అన్నారు. ఇప్పుడేమో ఇచ్చినా కోసిన జీతం మీదే ఇస్తామంటున్నారు. ఈ జూన్‌తో రెండేళ్లు దాటింది. లేబర్ కోర్టుకు వెళ్లమని అందరూ అంటున్నారు. ఆలస్యమైపోయిందా?
— ఒక టీచరు, కృష్ణరాజపురం, బెంగళూరు (2023)

జవాబు (2023 నాటి చట్టాల ప్రకారం): టీచరు గారూ, లేబర్ కోర్టు మాట మరిచిపోండి. పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పే 'వర్క్‌మన్' కిందికి టీచర్లు రారని సుప్రీంకోర్టు 1988లోనే సుందరాంబాళ్ కేసులో తేల్చేసింది. మీ బడి గుమాస్తా, ఆయా, బస్సు డ్రైవరు అక్కడికి వెళ్లొచ్చు. మీరు వెళితే ఏడాదో రెండేళ్లో తిరిగాక 'ఇది మా పరిధి కాదు' అని పంపేస్తారు. నేరుగా హైకోర్టులో రిట్ వేద్దామనేవాళ్లూ ఉంటారు. ప్రైవేటు సంస్థతో ఉన్న మామూలు ఉద్యోగ ఒప్పందం మీద రిట్ నిలవదని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. పైగా మీకు వేరే ట్రిబ్యునల్ (చివర్లో చెప్పే విద్యా అప్పిలేట్ ట్రిబ్యునల్) ఉంది కాబట్టి ముందు అక్కడికే పొమ్మంటారు.

మీ ఉత్తరంలో రెండు తగాదాలు కలిసిపోయి ఉన్నాయి. ఉద్యోగం పోవడం ఒకటి, రావాల్సిన డబ్బు ఇంకొకటి. 'అది నిజమైన రాజీనామా కాదు' అని నిరూపించుకున్నాకే డబ్బు వస్తుందని మీరు అనుకుంటున్నట్టుంది. అది పొరపాటు. గ్రాట్యుటీ చట్టం 4వ సెక్షన్ ప్రకారం రిటైరైనా, రాజీనామా చేసినా, తీసేసినా, అయిదేళ్ల సర్వీసు ఉంటే గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే. కాబట్టి ముందు దాన్ని పట్టుకోండి.

టీచర్లకు గ్రాట్యుటీ లేదన్న మాట ఒకప్పుడు నిజమే. 2004లో అహ్మదాబాద్ టీచర్ల కేసులో సుప్రీంకోర్టు అలాగే అంది. ఆ తీర్పును దాటడానికే పార్లమెంటు 2009లో చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా చేసింది. ప్రైవేటు స్కూళ్ల సంఘాలు దాని మీద కోర్టుకెళ్లాయి, 2022 ఆగస్టు 29న ఓడిపోయాయి. మీ యాజమాన్యం ఇంకా 2004 దగ్గరే ఆగిందంటే తెలియక కాదనే అనుకోవాలి.

నో డ్యూస్ (బకాయిలేమీ లేవన్న కాగితం) సంగతి. గ్రాట్యుటీ వదులుకుంటున్నానని మీరు స్పష్టంగా రాసిచ్చినా అది చెల్లదు. ఇతర ఒప్పందాలన్నిటినీ ఈ చట్టం పక్కకు నెట్టేస్తుందని 14వ సెక్షన్ చెబుతోంది. గ్రాట్యుటీ ఎగ్గొట్టాలంటే 4(6) కింద ఆస్తి నష్టం, హింస, నైతిక పతనం వంటి కారణంతో ఉద్యోగం నుంచి తీసేసి ఉండాలి. స్వచ్ఛందంగా వెళ్లారని వాళ్లే కాగితం పట్టుకు కూర్చున్నారు కాబట్టి ఆ దారి వాళ్లకు వాళ్లే మూసుకున్నారు.

ఇక లెక్క. మీరు లెక్కల టీచరు, నేను చెప్పనక్కర్లేదు గానీ బడి అకౌంటెంటు వేసే లెక్కను మాత్రం అంకె అంకె చూడండి. ఆఖరి బేసిక్, డీఏలను 26తో భాగించి 15తో గుణించాలి. 30తో భాగించడం చాలాచోట్ల చేసే తప్పు, లేదా తెలిసే చేసే మోసం. మీ సర్వీసు 24 ఏళ్ల 10 నెలలు. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా తీసుకోవాలి, అంటే 25. 28,600 మీద లెక్కిస్తే ఏడాదికి 16,500, మొత్తం 4,12,500 రూపాయలు. కోసిన జీతం ప్రకారం బేసిక్, డీఏ 17,160 అనుకుంటే 2,47,500 వస్తుంది. తేడా 1,65,000. అసలు తగువంతా ఈ తేడా దగ్గరే.

చట్టంలో 'వేతనం' అంటే ఉద్యోగ షరతుల ప్రకారం చెల్లించినది మాత్రమే కాదు, చెల్లించవలసినది కూడా. మీ ఒప్పుకోలు లేకుండా కోసిన నలభై శాతం చెల్లించవలసిన జీతమే, అది బకాయి కిందే ఉంటుంది. వాదన ఇలా నిలబెట్టాలి. దీనికి ఒక్కటే అడ్డం. 2020 జూన్‌లో 'సవరించిన జీతానికి అంగీకరిస్తున్నాను' అని ఏదైనా మెయిల్‌కో, ఫారానికో ఒప్పుకున్నారేమో చూసుకోండి. ఒప్పుకొని ఉంటే వాదన సన్నబడుతుంది. కోత తాత్కాలికమనీ, పరిస్థితి బాగుపడ్డాక ఇస్తామనీ ఆ సర్క్యులర్‌లో ఉంటే మాత్రం అదే మీకు ఆయుధం.

సర్వీసు లెక్కలోనూ కొన్ని బళ్లు చెయ్యి పెడతాయి. పీఎఫ్ ఏ ఏడాది మొదలుపెట్టారో ఆ ఏడాదే చేరినట్టు చూపిస్తాయి. పీఎఫ్‌కూ గ్రాట్యుటీకీ ముడి లేదు. 1996 నాటి అపాయింట్‌మెంట్ ఆర్డరు, పాత బ్యాంకు పాస్‌బుక్కు, ఆ రోజుల హాజరు రిజిస్టరు నకళ్లు ఏవున్నా పైకి తీయండి. ప్రొబేషన్‌లో ఉన్న ఏళ్లూ కలుస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో జీతం ఇవ్వలేదు కాబట్టి సర్వీసు తెగిందన్న వాదనకు 2ఏ సెక్షన్ జవాబు. ఏడాదిలో 240 రోజులు, వారానికి ఆరు రోజులకన్నా తక్కువ నడిచే సంస్థలో అయితే 190 రోజులు పనిచేస్తే నిరంతర సర్వీసే. లాక్‌డౌన్‌లో బడి మూతపడటం మీ తప్పు కాదు కాబట్టి అదీ సర్వీసును తెంచదు.

చేయాల్సింది ఇది. ఫారం ఐ నింపి, మీరు వేసిన లెక్క జతచేసి యాజమాన్యానికి రసీదు వచ్చేలా పోస్టులో పంపండి. ప్రిన్సిపాల్ చేతికిచ్చి రావద్దు, పంపింది సొసైటీ లేదా ట్రస్టు కార్యదర్శి పేరున ఉండాలి. ముప్పై రోజుల్లో డబ్బు రాకపోయినా, తక్కువ ఇచ్చినా, తిరస్కరిస్తూ రాసినా ఫారం ఎన్ తీసుకుని లేబర్ శాఖలో గ్రాట్యుటీ కంట్రోలింగ్ అథారిటీ దగ్గర దరఖాస్తు వేయండి. కర్ణాటకలో అది అసిస్టెంట్ లేబర్ కమిషనర్. బన్నేరుఘట్ట రోడ్డులో డెయిరీ సర్కిల్ దగ్గరున్న కార్మిక భవనలో అడిగితే, మీ బడి ఉన్న ప్రాంతం ఏ డివిజన్ కిందికి వస్తుందో చెబుతారు. మీ ఇల్లు ఎక్కడన్నది లెక్కలోకి రాదు. లాయరు లేకుండానూ వేసుకోవచ్చు.

ఈ దరఖాస్తుకు గడువు తొంభై రోజులు. మీ విషయంలో అది దాటింది కాబట్టి ఆలస్యాన్ని మన్నించమని వేరే అర్జీ కలపాలి. సరైన కారణం చూపిస్తే తీసుకుంటారు. కరోనా వల్ల 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువుల లెక్కలోంచి తీసేయమని సుప్రీంకోర్టు 2022 జనవరి 10న ఆదేశించింది. ఆ మాట అర్జీలో రాయండి. మీ చేతుల్లోంచి నిజంగా జారిన కాలం 2022 మార్చి నుంచే. ఆ తర్వాత యాజమాన్యం 'చూస్తాం, ఇస్తాం' అని తిప్పిన వాట్సాప్ మెసేజీలుంటే వాటిని తేదీలవారీగా జతచేయండి.

ఆలస్యానికి సాధారణ వడ్డీ ఏడాదికి పది శాతం, మీరు బడి వదిలిన రోజు నుంచే. అసలు మొత్తం మీద ఏడాదికి 41,250. వడ్డీ అధికారి దయ కాదు, ఇవ్వాల్సిందేనని 2003లో కర్ణాటక నుంచే వెళ్లిన గంగహనుమేగౌడ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తులో వడ్డీ అడగడం మరిచిపోతారు చాలామంది. యాజమాన్యం అప్పీలుకు వెళ్లాలంటే ముందు మొత్తం డిపాజిట్ చేయాలి. కట్టకుండా మొండికేస్తే భూమిశిస్తు బకాయిలా కలెక్టరు ద్వారా వసూలవుతుంది.

కోసిన జీతం బకాయి వేరే సంగతి. పది నెలలకు, నెలకు 18,400 చొప్పున 1,84,000. దీనికి సివిల్ దావా వేయాలి, గడువు మూడేళ్లు. పైన చెప్పిన కరోనా మినహాయింపు వల్ల 2025 ఫిబ్రవరి 28 దాకా మీకు సమయం ఉంది. దావాకు ముందు పంపే నోటీసులో ఒక తప్పు చేయకండి. లాక్‌డౌన్‌లో పూర్తి జీతం ఇవ్వాలన్న 2020 మార్చి 29 నాటి కేంద్ర హోంశాఖ ఉత్తర్వును చూపించకండి. అది ఆ ఏడాది మే 18తో పోయింది, మీ కోత జూన్‌లో మొదలైంది. దాని బదులు అపాయింట్‌మెంట్ ఆర్డరునూ, మీరు క్లాసులు చెప్పిన రికార్డునూ చూపించండి. ఫీజులు రాలేదని యాజమాన్యం అంటుంది. కర్ణాటక ప్రైవేటు స్కూళ్లలో ఆ ఏడాదికి ఫీజు తగ్గింపు పదిహేను శాతమేనని హైకోర్టు 2021 సెప్టెంబరులో నిర్ణయించింది. పదిహేను తగ్గినందుకు నలభై ఎందుకు కోశారో వాళ్లనే చెప్పనివ్వండి.

ఇప్పుడు పీఎఫ్. దీనికి లాయరు అక్కర్లేదు, తొందర మాత్రం అన్నిటికన్నా ఎక్కువ. 55 దాటాక ఉద్యోగం వదిలి, 36 నెలల్లో డబ్బు తీసుకోకపోతే ఖాతా నిద్రాణమై వడ్డీ ఆగిపోతుంది. మీకది 2024 మార్చి. బడి వాళ్లు మీరు మానేసిన తేదీ ఎక్కించకపోతే పోర్టల్‌లో ఆధార్ ఓటీపీతో మీరే ఎక్కించుకోవచ్చు. మనవాళ్లకు వచ్చే చిక్కు పేరులో ఉంటుంది. పీఎఫ్ రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా, అదీ పుట్టింటిదిగా ఉంటుంది. ఆధార్‌లో అత్తింటి పేరు పూర్తిగా ఉంటుంది. క్లెయిమ్ తిరిగొస్తుంది. సరిచేయడానికి బడి సంతకంతో జాయింట్ డిక్లరేషన్ కావాలి కాబట్టి, యాజమాన్యానికి నోటీసు వేడి తగలకముందే ఆ సంతకం చేయించుకోండి. పెన్షన్ కోసం ఫారం 10డీ. పదేళ్లు దాటాయి, 58 నిండాయి, హక్కు వచ్చేసింది. 60 దాకా ఆగితే ఏడాదికి నాలుగు శాతం చొప్పున పెరుగుతుంది. పెద్ద ఆశ పెట్టుకోకండి. 2014 ఆగస్టు దాకా సర్వీసుకు 6,500, తర్వాత 15,000 పరిమితి మీద లెక్కిస్తారు, నెలకు మూడు నాలుగు వేల మధ్య రావచ్చు.

చివరికి ఉద్యోగం సంగతి. కర్ణాటక విద్యా చట్టం 92వ సెక్షన్ ప్రకారం విచారణ లేకుండా టీచరును తీసేయకూడదు. సిబ్బందిని తగ్గించుకోవడానికీ ఆ చట్టంలో విద్యాశాఖ అనుమతి అనే మెట్టు ఉంది. ఆ మెట్లు ఎక్కకుండా తప్పించుకోవడానికే రాజీనామా రాయించుకుంటారు. బలవంతపు రాజీనామాను తొలగింపుగా చూడమని 94వ సెక్షన్ కింద విద్యా అప్పిలేట్ ట్రిబ్యునల్లో అడగొచ్చు. గడువు మూడు నెలలు. కరోనా మినహాయింపు కలిపినా అది 2022 మేతో తీరిపోయింది. లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యం మన్నించమని అడగాలి. ఏడాది ఆలస్యం చిన్నది కాదు.

సాక్ష్యం మాత్రం మీ దగ్గర మామూలుకన్నా బాగుంది. ఆరుగురి ఉత్తరాలూ ఒకే మాటలతో ఒకే తేదీన ఉంటే అది చాలా చెబుతుంది. 'ఆరోగ్య కారణాలు' అని రాయించారు గదా, ఆ ఏడాది మీరు ఒక్క మెడికల్ లీవైనా పెట్టారా? రోజూ క్లాసులు చెప్పిన లాగిన్ రికార్డు దానికి ఎదురు నిలుస్తుంది. ఆ జూన్‌లోనే లెక్కల టీచరు కావాలని బడి ప్రకటన ఇచ్చి ఉంటే దాని నకలు సంపాదించండి. మెసేజీలున్న పాత ఫోను మార్చకండి, రీసెట్ చేయకండి. వాటిని కోర్టు తీసుకోవాలంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ (2024 జూన్ దాకా సాక్ష్య చట్టం 65బీ కింద) తప్పనిసరి.

నా అంచనా అడిగితే, ఏడాదిలో మీకు 60 నిండుతాయి, తిరిగి తరగతిలో నిలబడటం జరిగేలా లేదు. మిగిలేది వెనక జీతం. అది అడిగితే ఈ మధ్య ట్యూషన్లు చెప్పి ఎంత సంపాదించారో దాచకుండా చెప్పాలి, దాస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడుతుంది. ఆ ఐదుగురిలో కనీసం ఇద్దరు మీతో వస్తామంటే ట్రిబ్యునల్‌కు వెళ్లండి. ఒంటరిగా అయితే ఆ ఖర్చును సివిల్ దావాకు దాచుకోండి. వచ్చే గ్రాట్యుటీ మీద మాత్రం పన్ను పడదు, ఇరవై లక్షల దాకా మినహాయింపు ఉంది. టీడీఎస్ కోశామంటే ఒప్పుకోవద్దు.