ప్యానెళ్ల అడ్వాన్సుకు పర్సనల్ లోనా? వద్దు

ప్రశ్న: మధురవాడలో 150 గజాల స్థలం ఉంది. జీ ప్లస్ వన్ కట్టడానికి 26 లక్షల హోమ్ లోన్ (8.5 శాతం, 20 ఏళ్లు) మంజూరైంది. ఇటుకలతో పది నెలలు పడుతుంది, ప్రీకాస్ట్ ప్యానెళ్లతో (ఫ్యాక్టరీలో పోసి తెచ్చే కాంక్రీటు పలకలు) ఐదు నెలలే అంటున్నారు. కంపెనీ 60 శాతం ముందే అడుగుతోంది. 16 శాతానికి 8 లక్షల పర్సనల్ లోన్ తీసి, 3.5 లక్షల ఎఫ్‌డీ కూడా కలిపి కట్టేద్దామనుకుంటున్నాను. జీతం 78 వేలు, అద్దె 14 వేలు, ఇంటి ఖర్చు 28 వేలు. ప్యానెల్ ఇల్లు తుఫానుకు చెక్కుచెదరదట, బీమా ఎందుకు?

జవాబు: ప్యానెళ్లతో కట్టండి, తప్పు లేదు. పర్సనల్ లోన్ మాత్రం తీయకండి, ఎఫ్‌డీ ముట్టుకోకండి.

ఇల్లు త్వరగా లేవాలంటే డబ్బూ త్వరగా కావాలి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. బ్యాంకు పునాది చూసి ఒక విడత, స్లాబు చూసి ఒక విడత ఇస్తుంది. మీ ప్యానెళ్లు ఫ్యాక్టరీలో ఉంటాయి, సైట్‌లో చూపించడానికేమీ ఉండదు. ఆ లోటును మీరు 16 శాతం వడ్డీతో పూడుస్తున్నారు. ఐదు నెలల అద్దె మిగిలితే 70 వేలు. ఆ 8 లక్షలకు మూడేళ్లలో పోయే వడ్డీ 2 లక్షల 12 వేలు! రెండు ఈఎంఐలూ కలిపి 50 వేలు దాటతాయి. పని ఆలస్యమైతే అద్దె పైన. ఇంటి ఖర్చుకు మిగిలేది 13 వేలు. బంగారం తాకట్టు, చిట్టీ తొందరపడి పాడటం కూడా ఇదే కోవ.

మీ ఎఫ్‌డీ ఆరు నెలల ఇంటి ఖర్చుకూ హోమ్ లోన్ ఈఎంఐకీ సరిపోతుంది. అది మీ అత్యవసర నిధి. ఇల్లు కట్టే ఏడాదిలోనే దాని అవసరం ఎక్కువ.

కంపెనీతో ఇలా మాట్లాడండి: ఆర్డర్‌తో 10 శాతం, మిగతాది లారీ సైట్‌కి చేరాక చలానా ప్రకారం. ఆ షెడ్యూలు బ్యాంకుకిచ్చి విడతలు దానికి తగ్గట్టు మార్పించండి. బ్యాంకు తరఫున ఇంటి విలువ కట్టే వాల్యుయర్‌కి ఆ టెక్నాలజీ కొత్తదైతే, నిర్మాణ టెక్నాలజీలను పరిశీలించే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఎంటీపీసీ ఇచ్చిన పనితీరు సర్టిఫికెట్ ఉందేమో కంపెనీనడిగి చూపించండి. కంపెనీగానీ బ్యాంకుగానీ ఒప్పుకోకపోతే కింది అంతస్తు ఒక్కటే కట్టండి, పునాది మాత్రం రెండంతస్తుల బరువుకు వేయించండి.

ఇక బీమా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌లో గోడలు నిలబడ్డ ఇళ్లలోనూ కిటికీ అద్దాలు పగిలి, రేకులు లేచిపోయి వాన లోపలికి కొట్టింది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు కాంక్రీటు ఇళ్లనూ వదల్లేదు. ప్యానెల్ ఇంట్లో బలహీనత జాయింట్లలో ఉంటుంది. అక్కడ నింపే గ్రౌటు (పల్చటి సిమెంటు మిశ్రమం) సరిగ్గా నిండకపోతే చెమ్మ అక్కడే మొదలవుతుంది, పట్టూ అక్కడే సడలుతుంది. డ్రాయింగ్‌లో విశాఖకు సెకనుకు 50 మీటర్ల గాలి వేగం రాశారో లేదో చూడండి. గ్రౌటు పోసేటప్పుడు ఇంజినీరు పక్కనుండాలి, జాయింటు జాయింటుకీ ఫొటో తీయించండి.

కట్టేటప్పుడు కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ (పని జరిగేటప్పటి నష్టాలకు బీమా) తీసుకోండి, అందులో మీ పేరూ ఉండాలి. గృహప్రవేశం నాటికి భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా. స్థలం విలువ కలపకండి, కట్టుబడి ఖర్చుకే చేయించండి. సామాన్లకు అందులోనే 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు కవర్ వస్తుంది. బ్యాంకువాళ్లు అంటగట్టే లోన్ ఇన్సూరెన్స్ సాధారణంగా మీ ప్రాణానికి, ఇంటికి కాదు.

ఆర్డర్ ఇచ్చేముందు వీధి వెడల్పు కొలవండి, పైనున్న కరెంటు తీగలు చూసుకోండి. క్రేన్ తిరగడానికి చోటు లేక ఖాళీగా నిలబడ్డా ఆ రోజు అద్దె మీరే కట్టాలి.