సైకాలజిస్టు రిపోర్టుకూ సదరం సర్టిఫికెట్‌కూ మధ్య

ప్రశ్న: మా మనవడికి నాలుగున్నరేళ్లు. పేరు పెట్టి పిలిస్తే పలకడు. సీసా మూతలన్నీ గడప వెంబడి వరుసగా పేర్చుకుంటాడు, ఒక్క మూత పక్కకు జరిగినా గంటసేపు ఏడుస్తాడు. చెన్నైలో పిల్లల డాక్టరుగారు ఆటిజం అన్నారు. తర్వాత ఇక్కడ ఒక సైకాలజిస్టుగారు డబ్బు తీసుకుని నాలుగు పేజీల రిపోర్టు ఇచ్చి, దీంతో పింఛనుకు పెట్టుకోవచ్చని చెప్పారు. సచివాలయంలో చూపిస్తే ఇది చెల్లదన్నారు. ఏ సైకాలజిస్టు రాస్తే చెల్లుతుంది? మళ్లీ డబ్బు కట్టి ఇంకొకరి దగ్గర పరీక్ష చేయించాలా?
– ఒక అమ్మమ్మ, కావలి

జవాబు: అమ్మా, మళ్లీ డబ్బు కట్టవద్దు. సైకాలజిస్టు ఎంత చదివినవారైనా, ఆయన ఒక్కరే సంతకం చేసి ఇచ్చిన రిపోర్టు మీద ప్రభుత్వ సాయం మంజూరు కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 ఆటిజంతో కలిపి 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటికి ధ్రువపత్రం ఇచ్చే అధికారులను ప్రభుత్వమే నియమించాలని ఆ చట్టంలోని 57వ సెక్షన్ చెబుతోంది. ఆటిజం విషయంలో ఆ అధికారం ప్రభుత్వ ఆసుపత్రిలోని వైద్య మండలిది. ఆ మండలి ఇచ్చే ధ్రువపత్రాన్నే మన దగ్గర సదరం సర్టిఫికెట్ అంటారు. ఆసుపత్రి అధిపతి, పిల్లలైతే పిల్లల వైద్యుడు, పెద్దవారైతే మానసిక వైద్యుడు, వారితో పాటు ఒక క్లినికల్ సైకాలజిస్టు గాని రిహాబిలిటేషన్ సైకాలజిస్టు గాని అందులో ఉంటారు. అంటే సైకాలజిస్టు ఉండి తీరాలి, అయితే మండలి సభ్యుల్లో ఒకరిగా ఉండాలి.

ఇక ఏ సైకాలజిస్టు అన్నది. మన ఊళ్లలో ‘సైకాలజిస్టు’ అన్న బోర్డు ఎవరైనా కట్టుకుంటున్నారు, ఎం.ఏ. సైకాలజీ చదివినవారు, కౌన్సెలింగ్‌లో ఆరునెలల కోర్సు చేసినవారు, చివరికి వ్యక్తిత్వ వికాస తరగతులు చెప్పేవారు కూడా. వీరిలో పిల్లలతో ఓపికగా పనిచేసే మంచివారు లేకపోలేదు, కాని ఆటిజాన్ని కొలిచి రాసే అర్హత వేరు. క్లినికల్ సైకాలజీలోనో రిహాబిలిటేషన్ సైకాలజీలోనో ఎం.ఫిల్. వంటి గుర్తింపు పొందిన కోర్సు పూర్తిచేసి, రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు చేయించుకున్నవారికే ఆ అర్హత ఉంటుంది. నమోదు లేకుండా ఆ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చని 1992 నాటి కౌన్సిల్ చట్టం చెబుతోంది. ఆ వెయ్యి రూపాయలు ఇప్పుడు ఎవరినీ భయపెట్టే మొత్తం కాదన్నది వేరే సంగతి.

మీ చేతిలో ఉన్న నాలుగు పేజీల్లో చివరి పేజీ తీసి సంతకం కింద చూడండి. పేరు, చదువు తర్వాత కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. లేకపోతే ఆయననే అడగండి. అడగడం అమర్యాద కాదు, నంబరు ఉన్నవారెవరూ దాచుకోరు. ఆ నంబరు నిజమైనదో కాదో కౌన్సిల్ వెబ్‌సైటులో పేరు కొట్టి సరిచూసుకోవచ్చు. నంబరు ఉంటే ఆ రిపోర్టును చెన్నై డాక్టరుగారి కాగితాలతో కలిపి మండలి ముందు పెట్టండి, ఆధారంగా పనికివస్తుంది. నంబరు లేకపోయినా పిల్లవాడికి నష్టమేమీ లేదు, మండలి తన పరీక్ష తాను చేసుకుంటుంది.

ఆ పరీక్ష ఏమిటో ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం, వాడుకలో ‘ఇసా’, బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం మన సికింద్రాబాదులో ఉన్న జాతీయ సంస్థ తయారుచేసిన కొలత. అందులో 40 అంశాలు ఉంటాయి: కళ్లలోకి చూడడం, తోటివారితో కలవడం, మాట, ఉద్వేగాలు, ఒకే పనిని పదే పదే చేయడం, శబ్దాన్నీ వెలుగునూ తట్టుకోవడం వంటివి. ఒక్కొక్క అంశానికి ఆ లక్షణం ఎంత తరచుగా కనిపిస్తుందన్నదాన్ని బట్టి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. సైకాలజిస్టు పిల్లవాడిని చూస్తూనే మిమ్మల్నీ ప్రశ్నలు అడుగుతారు. అప్పుడు ‘మావాడు బాగానే ఉంటాడండీ’ అని పరువు కోసం తగ్గించి చెప్పకండి; సీసా మూతల సంగతి నాకు రాసినట్టే అక్కడ చెప్పండి. కొత్త చోట పిల్లవాడు బిత్తరపోయి కూర్చుంటే ఇంట్లో ఉండే తీరు కనిపించదు కనుక, మూతలు పేర్చుకుంటున్నప్పుడు ఫోనులో రెండు నిమిషాల వీడియో తీసి దగ్గర ఉంచుకోండి.

సచివాలయంలోనో మీసేవలోనో సదరం స్లాట్ బుక్ చేయించుకుంటే తేదీ, ఆసుపత్రి తెలుస్తాయి. 40 శాతం, అంతకు మించి వైకల్యం నమోదైతే ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 రూపాయల పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. 2024 జూలై నుంచి ఇస్తున్న మొత్తం ఇది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు వస్తాయి, థెరపీలు కూడా అందులోకి వస్తాయి. పిల్లలకిచ్చే సర్టిఫికెట్‌కు గడువు ఉండవచ్చు కనుక ఆ తేదీ చూసి రాసిపెట్టుకోండి. థెరపీ మొదలుపెట్టడానికి మాత్రం ఈ కాగితాలేవీ అక్కరలేదు. సికింద్రాబాదు సంస్థ ఆధ్వర్యంలో నడిచే దివ్యాంగుల ప్రాంతీయ కేంద్రం నెల్లూరులోనే ఉంది. స్లాట్ వచ్చేదాకా ఆగకుండా ఈ వారమే బాబును అక్కడికి తీసుకువెళ్లండి.

ప్రశ్న: రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టే మా పాపకు ‘మైల్డ్’ ఆటిజం అని రాశారు. మైల్డ్‌కు సర్టిఫికెట్ రాదని బంధువులు అంటున్నారు. సదరం క్యాంపులో బొమ్మలు, చెక్క ముక్కలతో తెలివి పరీక్ష చేసి, తెలివి బాగానే ఉందని పంపేశారు.
– ఒక తండ్రి, సింగరాయకొండ

జవాబు: మీ బంధువుల మాట తప్పు. ఇసాలో 70 కంటే తక్కువ వస్తే ఆటిజం లేదని, 70 నుంచి 106 వరకు వస్తే స్వల్పమని, అంటే మైల్డ్ అని అర్థం. ఆ 70 దగ్గరే వైకల్యం 40 శాతంగా లెక్కకు వస్తుంది. 92 వచ్చిందనుకోండి, అది 60 శాతం. స్వల్పమన్న మాట రోగనిర్ధారణకు సంబంధించినది, శాతం ధ్రువపత్రానికి సంబంధించినది. రెంటినీ కలిపి చూడకూడదు.

క్యాంపులో జరిగింది బుద్ధిమాంద్యాన్ని కొలిచే పరీక్ష అయివుంటుంది. తెలివి చక్కగా ఉన్న పిల్లలకూ ఆటిజం ఉండవచ్చు, చట్టంలో ఆ రెండూ వేర్వేరు వైకల్యాలు. దరఖాస్తులో ఏ వైకల్యం కింద నమోదైందో ముందు చూసుకోండి. బుద్ధిమాంద్యం అని ఉంటే ఆటిజం కింద మళ్లీ స్లాట్ తీసుకోండి. ఆటిజం కిందే నమోదై ఉండీ ఇసా చేయకపోతే, తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా ఇమ్మని అడిగి, దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేయండి. అప్పీలుకు మీ సైకాలజిస్టుగారి రిపోర్టు జతచేసేముందు, అందులో ‘మైల్డ్’ అన్న మాటతో పాటు ఇసా మార్కులు కూడా వేయించుకోండి.