తాతయ్య 3కే లేస్తారు, మనవడు 1 దాటినా పడుకోడు: ఇది వయసు వల్లనా, కాలం మారడం వల్లనా?

ఇంట్లో పెద్దాయన తెల్లవారుజామునే లేచి కూర్చుంటారు, ఇంటర్ చదివే అబ్బాయి అర్ధరాత్రి దాటినా పడుకోడు, ఇది వయసు తేడానా లేక ఫోన్లు వచ్చాక కాలమే ఇలా అయిందా అని అడిగారు. మా ఇంట్లోనూ అచ్చం ఇదే గొడవ కాబట్టి రాస్తున్నా. నిద్ర వేళల్లో వయసు పాత్ర చాలానే ఉంది. కానీ మేలుకున్న గంటలు ఎటు పోతున్నాయంటే మాత్రం, ఇంట్లో ఏ పని ఎవరి మీద పడిందో చూడాల్సిందే.

మాది కరీంనగర్. 74 ఏళ్ల మామయ్య, 68 ఏళ్ల అత్తమ్మ, మా ఆయన, నేను, ఇంటర్ రెండో సంవత్సరం బాబు, ఆరో తరగతి పాప. రోజూ ఈ నిద్ర మీద వాదనలు పడలేక పోయినేడాది ఒక వారం పాటు అందరి రోజునూ నోట్‌బుక్‌లో రాశాను. పద్ధతి నేను కనిపెట్టింది కాదు, కేంద్ర ప్రభుత్వం 2019లో, మళ్లీ 2024లో దేశమంతా చేయించిన సమయ వినియోగ సర్వేది. తెల్లవారుజామున 4 నుంచి మర్నాడు 4 దాకా అరగంటకో గడి, ఆరేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ. ఒక్కో గడిలో మూడు పనుల దాకా రాయొచ్చు. ఈ మూడు పనుల నియమం వల్లే నాకు అసలు విషయం కనిపించింది, కింద చెప్తా.

ముందు బాబు సంగతి. మొదటి సంవత్సరం హాస్టల్లో ఉన్నాడు, పొద్దున 5కి బెల్లు, రాత్రి 10:30 దాకా స్టడీ అవర్స్. దసరా సెలవులకి ఇంటికొచ్చి బ్యాగు కింద పెట్టి, బూట్లు కూడా విప్పకుండా సోఫాలో పడి పద్నాలుగు గంటలు పడుకున్నాడు. బద్ధకం అని తిట్టాను, ఆ మాటకి ఇప్పటికీ బాధపడతా. యుక్తవయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోన్ రాత్రి గంట, రెండు గంటలు ఆలస్యంగా విడుదలవుతుంది. ఫోన్ దాన్ని ఇంకా పెంచుతుంది గానీ, ఫోన్ ఒక్కటే కారణం కాదు. ఆ వయసులో 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం 2014లోనే పెద్ద తరగతులు పొద్దున 8:30 కంటే ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది, కాలిఫోర్నియాలో 2022 నుంచి హైస్కూళ్లకి అది చట్టం కూడా. మన దగ్గర పిల్లల్ని 5కి లేపడమే క్రమశిక్షణ అనుకుంటున్నాం, నా మటుకు నాకు అది అన్యాయం.

మామయ్య విషయంలో వయసుతో పాటు ఇంకోటి కూడా ఉంది. పెద్దవయసులో నిద్ర తొందరగా వస్తుంది, తొందరగా వదిలేస్తుంది, మధ్యమధ్యలో తెగుతుంది, ఇది చాలామందికి ఉండేదే. కానీ ఆయన రాత్రి 2కి కచ్చితంగా లేస్తారు. ఎందుకని అడిగితే చెప్పారు: ఊళ్లో వ్యవసాయం చేసినన్నాళ్లూ త్రీఫేజ్ కరెంటు వంతులవారీగా వచ్చేది, రాత్రి వంతు వచ్చిందంటే టార్చిలైటు పట్టుకుని బాయికాడికి పోయి మోటారు వేయాలి, మడి తడిసేదాకా గట్టు మీదే ఉండాలి. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1 నుంచి మొదలైంది. అప్పటికే ఆయన పొలం కౌలుకిచ్చి టౌన్‌కొచ్చేశారు. అయినా ఒంటికి మాత్రం ఆ అలవాటు పోలేదు.

ఇక అత్తమ్మ. ఆవిడ గడులు నింపుతుంటే నా చెయ్యి ఆగిపోయింది. సాయంత్రం 7 నుంచి 7:30 గడిలో నేను 'టీవీ' అని రాసేశాను, అందరం అలాగే అనుకుంటాం కదా, సీరియల్ చూస్తుందని. మర్నాడు పక్కనే కూర్చుని చూస్తే ఒళ్లో చాట, చాటలో చిక్కుడుకాయలు, చేతులు ఈనెలు తీస్తూనే ఉన్నాయి, మధ్యలో పాప ఎక్కాలు తప్పు చెప్తే దిద్దుతోంది. ఒకే అరగంటలో మూడు పనులు! మామయ్య వ్యవసాయం మానేసి తొమ్మిదేళ్లయింది, మా ఆయనకి ఇంకో పదిహేనేళ్లలో రిటైర్మెంట్, అత్తమ్మకి మాత్రం అలాంటి తేదీ ఏదీ లేదు.

కాలంతో ఏం మారిందంటే, నా చిన్నప్పుడు మా అమ్మ బోరింగు దగ్గర బిందెలతో క్యూలో నిలబడేది, కట్టెల పొయ్యి ఊదేది. ఇప్పుడు నల్లా, గ్యాసు, మిక్సీ అన్నీ ఉన్నాయి. మరి మిగలాల్సిన టైం ఏమైంది? సర్వే లెక్క చూడండి: 15 నుంచి 59 ఏళ్ల ఆడవాళ్లలో జీతం లేని ఇంటిపని చేసేవాళ్లు దానికి రోజుకి పెట్టే టైం సగటున 2019లో 315 నిమిషాలు, 2024లో 305. ఐదేళ్లలో పది నిమిషాలే తగ్గింది. అదే వయసులో పిల్లల్నీ పెద్దల్నీ చూసుకునేవాళ్లలో 2024లో ఆడవాళ్లు దాదాపు 140 నిమిషాలు పెడితే మగవాళ్లు 74. మా ఇంట్లో అయితే మిగిలిన టైమంతా రెండు టిఫిన్ బాక్సుల్లోకి, పాప హోంవర్క్‌లోకి పోయింది.

నోట్‌బుక్ మా ఆయనకి చూపించా, ఏమీ అనలేదు, కానీ వారం తర్వాత నుంచి పొద్దున 5:30 గడి ఆయనదైంది, పాలు కాచడం, బాక్సులకి అన్నం పెట్టడం. బాబు ఇప్పుడు ఇంటి నుంచే కాలేజీకి వెళ్తున్నాడు, 7 దాకా లేపం. అత్తమ్మ అలా మిగిలిన అరగంటలో పక్కింటి అరుగు మీద కూర్చుని వస్తోంది.

మీరూ రాసి చూడండి. ఒక్క ఆదివారం రాసి ఆపేయొద్దు, పని రోజులు కనీసం మూడు ఉండాలి. ఇంట్లో ఆడవాళ్లని 'ఏం చేశావు' అని అడిగితే 'ఏముంది, ఇంట్లోనే ఉన్నా' అంటారు, అందుకని అడిగి రాయకండి, పక్కన కూర్చుని చూసి రాయండి.