మోటరు దగ్గర పవిత్రాత్మ

పెంతెకోస్తు (పవిత్రాత్మ దిగివచ్చిన పండుగ) ప్రసంగాల ప్రభావమో ఏమో, 'ఆత్మానుసారంగా నడవండి' అని అపోస్తలుడు పౌలుగారు గలతీయులకు, అంటే గలతీయ ప్రాంతపు తొలి క్రైస్తవ సంఘాలకు, రాసిన మాట మీద ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. అన్నిటికీ చోటు లేదు. నాలుగు తీసుకున్నాను, మొదటిదానికి మాత్రం కాస్త పొడుగ్గా రాయక తప్పలేదు.

ప్రశ్న: ఫాదర్ గారికి వందనాలు. ఎండాకాలంలో ఐదు రోజుల ధ్యానాలకు వెళ్ళొచ్చాను. ప్రార్థనలో ఏడుపు ఆగలేదు. ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చేశాక మనసు దూదిపింజలా తేలికైంది, ఇక జన్మలో ఎవరినీ ఒక్క మాట అననని అనుకున్నాను. ఇంటికొచ్చిన ఎనిమిదో రోజునే మా తోడికోడలితో గొడవైంది. రెండిళ్ళకీ ఒకటే బోరు, పొద్దున ఆరున్నర నుంచి ఏడింటిదాకా మా వంతు. ఆవిడ మా వంతులో మోటరు తిరుగుతుండగానే వాల్వ్ వాళ్ళ ట్యాంకు వైపు తిప్పేసుకుంది. నా నోటికి ఏదొస్తే అది అనేశాను, వాళ్ళ పుట్టింటిదాకా వెళ్ళాను. 'ధ్యానాలకు పోయొచ్చింది ఇందుకేనా' అన్నారు మా ఆయన. పవిత్రాత్మ నన్ను వదిలేసినట్టేనా? మళ్ళీ ధ్యానాలకు వెళ్ళమంటారా?
– ఒక సోదరి, పల్నాడు జిల్లా

జవాబు: అమ్మా, మీ రెండో ప్రశ్నకి ముందు చెప్తాను. ఇప్పుడే వద్దు. ధ్యానాలు మంచివే, నేనే పదిమందిని పంపుతుంటాను, కానీ దేవుని కోసం వెళ్ళడం వేరు, అక్కడ వచ్చిన ఏడుపు మళ్ళీ రావాలని వెళ్ళడం వేరు. ప్రస్తుతానికి మీ ధ్యానకూటం ఆ బోరు దగ్గరే ఉంది.

గలతీయుల లేఖ ఐదో అధ్యాయం తీయండి. ఆత్మానుసారంగా నడవమన్నది 16వ వచనం, చాలామందికి నోటికొచ్చు. దాని పైన ఉన్న 15వ వచనం దగ్గర ఎవరూ ఆగరు. మీరిలా ఒకరినొకరు కరుచుకుంటూ పీక్కుతింటూ ఉంటే చివరికి ఒకరి చేతిలో ఒకరు నాశనమైపోతారు జాగ్రత్త అని హెచ్చరించి, ఆ వెంటనే పవిత్రాత్మ సంగతి ఎత్తుకుంటాడు ఆయన. సున్నతి చేయించుకోవాలా వద్దా అని ఆ సంఘాలు అప్పట్లో కొట్టుకు చస్తున్నాయి. అంటే మనం పెంతెకోస్తు రోజున కళ్ళు మూసుకుని వినే ఆ బోధ కొండ మీద ప్రశాంతంగా కూర్చున్నవాళ్ళకి చెప్పింది కాదమ్మా, తగువులాడుకుంటున్న వాళ్ళ మధ్య నిలబడి చెప్పింది.

ఇంకాస్త కిందికి రండి, ఆత్మకి ఎదురునిలిచే శరీర కార్యాల పట్టిక ఉంటుంది. ఆ మాట వినగానే మనవాళ్ళకి తాగుడూ వ్యభిచారమే గుర్తొస్తాయి. పెన్సిలు పట్టుకుని లెక్కపెట్టండి. మొత్తం 15. కామానికి సంబంధించినవి 3, విగ్రహారాధన, మంత్రతంత్రాలు కలిపి 2, తాగుడు, తాగి తందనాలాడడం ఇంకో 2. మిగిలిన 8 ఏమిటంటే పగ, కలహం, అసూయ, కోపం, స్వార్థం, చీలికలు, ముఠాలు, ఓర్వలేనితనం. సగానికి పైగా ఇవే. వీటికి శరీరంతో పెద్దగా పని కూడా లేదు, నోరుంటే చాలు. తాగనివాడు, గడప దాటి చెడు తిరుగుడు తిరగనివాడు, రోజూ పూజకి వచ్చేవాడు కూడా నిక్షేపంగా శరీరానుసారంగా బతికేయొచ్చు. నాతో సహా చెప్తున్నాను.

ఇక పవిత్రాత్మ వదిలేశాడా అన్నది. లొయోలా పునీత ఇగ్నేషియస్ గారి సంగతి మీరు వినే ఉంటారు. 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా కోట దగ్గర యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది, నెలల తరబడి ఇంట్లో మంచం మీదే. కాలక్షేపానికి వీరుల కథలు అడిగితే అవి లేవని క్రీస్తు జీవితం, పునీతుల చరిత్రలు చేతికిచ్చారు. ఇక పడుకుని రెండు రకాల పగటికలలు కనేవాడు. ఒక గొప్పింటి స్త్రీ మెప్పు ఎలా పొందాలా అని ఒకటి, పునీతులు ఫ్రాన్సిస్ లాగా దొమినిక్ లాగా బతికితే ఎలా ఉంటుందా అని ఇంకొకటి. కంటున్నంతసేపూ రెండూ బాగానే ఉండేవి. మొదటిది అయిపోయాక మాత్రం మనసు ఎండిపోయేది, రెండోది అయిపోయాక కూడా తృప్తి నిలిచేది. ఒకరోజు ఆ తేడా కంటపడింది, ఆయన దారి అక్కణ్ణుంచే మళ్ళింది. మీరూ చూసుకోండి. గొడవలో మీదే పైచేయి అయింది కదా, ఇంట్లోకొచ్చి బిందె దించాక ఎలా అనిపించింది? పోయినేడు ఇలాంటి గొడవే అయితే సాయంత్రం దాకా నలుగురికీ చెప్పుకుని ఉంటారు. ఈసారి కడుపులో తిప్పింది, నాకు ఉత్తరం రాశారు. వదిలేసినవాడు అలా తిప్పడు. ఇగ్నేషియస్ గారే ఇంకో మాట చెప్పారు, మనసు ఎండిపోయి ఉన్న రోజుల్లో, అంతకుముందు బాగున్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని మార్చుకోవద్దని. ఎవరినీ మాట అనను అనుకున్నారు చూడండి, ఆ నిర్ణయం ఇంకా రద్దు కాలేదు.

చిన్న తెరేజమ్మ బొమ్మ మీ ఇంట్లో ఉండే ఉంటుంది, చేతిలో సిలువ, గులాబీలు. 24 ఏళ్ళకే 1897లో క్షయతో పోయింది. ఫ్రాన్సులోని లిసియు మఠంలో బట్టలుతికే చోట ఎదురుగా ఉన్న సిస్టరు రుమాళ్ళు ఎత్తినప్పుడల్లా మురికినీళ్ళు ఈమె మొహం మీద చిందేవి. కాస్త చూసుకోమ్మా అని నోటితో అనకుండానే తెలిసేలా వెనక్కి జరిగి మొహం తుడుచుకోవాలనిపించింది, మళ్ళీ ఆగిపోయింది. ప్రార్థనవేళ వెనక కూర్చునే ఇంకో సిస్టరు గవ్వలు రాపాడిస్తున్నట్టు అదేదో చప్పుడు చేసేదట, వెనక్కి తిరిగి ఒక్క చూపు చూడాలన్న కోరిక ఆపుకోవడానికే చెమటలు పట్టేవని తనే రాసుకుంది. పునీతురాలికి చెమట పట్టిందమ్మా. మనకేమో పవిత్రాత్మ వచ్చాడంటే అన్నీ వాటంతటవే సర్దుకుపోవాలి.

ఇప్పుడు పని చెప్తాను. నీళ్ళ వంతు మీది, దాన్ని వదులుకోమని నేననను. పుట్టింటి మాట అన్నారే, అదొక్కటి వెనక్కి తీసుకోండి. 'నీళ్ళ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, మీ అమ్మావాళ్ళని అనడం మాత్రం నాదే తప్పు' అని ఆవిడతోనే అనండి, మధ్యలో మనిషిని పెట్టకుండా. ఆవిడ మూతి తిప్పుకున్నా సరే. వాల్వ్ గురించి ఇంకో రోజు, ఎవరికీ నీళ్ళ తొందర లేని వేళ మాట్లాడుకోండి. రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు ఆ రోజంతా వెనక్కి తిప్పి చూసుకోండి, ఎక్కడ నోరు జారింది, ఎక్కడ జారబోయి ఆగింది. ఆగిన చోటుకి ప్రభువుకి వందనాలు చెప్పడం మర్చిపోవద్దు, జారిన చోటే చూసుకుంటే మనిషి కుంగిపోతుంది.

మీ వారికి కూడా ఒక మాట. ధ్యానాలకి వెళ్ళొచ్చిన మనిషిని దెప్పడం కూడా ఆ 15లో ఎక్కడో ఒకచోట వస్తుంది, ఎక్కడన్నది ఆయన్నే వెతుక్కోమనండి.

ప్రశ్న: ఫాదర్, నాకు 24 ఏళ్ళు, హైదరాబాద్‌లో జాబ్, హాస్టల్లో ఉంటాను. రాత్రి ఫోన్ పట్టుకుంటే చూడకూడనివి చూస్తున్నాను, పొద్దున లేచాక నా మీద నాకే అసహ్యం. ఒక మీటింగులో 'శరీరమే మన శత్రువు' అని విన్నాను. కోరిక పుట్టిందంటేనే పాపం అయిపోయినట్టా? అలాగైతే పెళ్ళి కూడా శరీరానుసారమే కదా? టెన్షన్‌గా ఉంది.
– పేరు వద్దు

జవాబు: తమ్ముడూ, ఆ మీటింగులో విన్నది వదిలెయ్. గ్రీకులో పౌలుగారికి రెండు మాటలున్నాయి, 'సోమ' అంటే మన ఒళ్ళు, 'సార్క్స్' అంటే ఆ పట్టికలో వాడిన మాట, దేవుణ్ణి పక్కకి నెట్టి నాకు నేనే చాలనుకునే స్వభావం. తెలుగులో చదివేటప్పుడు ఆ రెండోదీ శరీరమనే వినిపించి వచ్చిన తంటా ఇది. మీ శరీరం పవిత్రాత్మకి ఆలయం అని కొరింతీయులకు రాసినప్పుడు ఆయన వాడింది 'సోమ'. దానికి తోడు, వాక్కు శరీరధారి అయ్యాడని యోహాను సువార్త మొదటి అధ్యాయం చెప్పినప్పుడు అక్కడున్నది ఆ 'సార్క్స్' మాటే. ప్రభువే వేసుకున్నదాన్ని శత్రువు అనడానికి మనమెవరం? నెత్తిన నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇస్తాం, నుదుట తైలం రాస్తాం, నాలుక మీద సత్ప్రసాదం పెడతాం. మన కతోలిక శ్రీసభ నీ శరీరాన్ని ముట్టుకోకుండా నీకు ఏమిచ్చింది చెప్పు. జ్ఞానవివాహం కూడా ఆ దివ్యసంస్కారాల్లో ఒకటే, ఆ భయం అక్కర్లేదు.

శరీరం చెడ్డదన్న మాట కొత్తదేమీ కాదు. పునీత అగస్తీను యువకుడిగా ఉన్నప్పుడు అలా బోధించే మానికేయుల గుంపులో సుమారు 9 ఏళ్ళు తిరిగాడు, దానివల్ల ఆయన అలవాట్లు ఏమీ బాగుపడలేదు. 386లో మిలాన్‌లో ఒక తోటలో ఏడుస్తూ కూర్చుంటే పక్కింటి వైపు నుంచి పిల్లల గొంతు, తీసి చదువు తీసి చదువు అని వినిపించింది, తెరిస్తే రోమీయుల లేఖ 13వ అధ్యాయం వచ్చింది. మరుసటి ఏడు ఈస్టరు జాగరణలో పునీత అంబ్రోసు చేతుల మీదుగా జ్ఞానస్నానం. ఈ కథ అందరూ ఇక్కడితో ఆపేస్తారు. పదేళ్ళు దాటాక, మేత్రాణిగా (బిషప్పుగా) ఉంటూ, పాత అలవాట్ల బొమ్మలు కలల్లోకి ఇంకా వస్తూనే ఉన్నాయని ఆయనే తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు.

కోరిక పుట్టడం పాపం కాదు. 1546లో త్రెంతు నగరంలో కూడిన మేత్రాణుల మహాసభ ఈ సంగతే తేల్చింది. జ్ఞానస్నానం తర్వాత కూడా కోరికవైపు లాగే ఆ వంపు మనలో మిగులుతుంది, పోరాడడానికే మిగులుతుంది, లొంగనివాడికి అది హాని చేయలేదు. ఎండుపుల్లల మోపు ఇంట్లో ఉండడం వేరు, అగ్గిపుల్ల గీయడం వేరు. నువ్వు తెలిసీ, సరేననుకుని స్క్రీన్ మీద వేలు కదిపావే, గీసింది అక్కడ.

తోటలో అగస్తీను చదివిన ఆ వచనం చివర పౌలుగారు చెప్పింది, శరీర కోరికలకి ముందే ఏర్పాట్లు చేసిపెట్టొద్దు అని. నీ విషయంలో ఏర్పాటు ఏమిటంటే దిండు కింద ఛార్జర్. పదింటికి ఫోన్ తీసుకెళ్ళి హాస్టల్ హాల్లో ఛార్జింగ్ పెట్టు, అలారానికి ఓ రెండొందల గడియారం కొనుక్కో. పడిపోతే మర్నాడే పాపసంకీర్తనానికి పో, పడిన ప్రతిసారీ పో, అవే పాపాలు మళ్ళీ చెప్తున్నానని సిగ్గుపడకు, మాకు కొత్త పాపాలు వినాలన్న సరదా ఏమీ లేదు. ఎంత ప్రయత్నించినా చేయి దాటిపోయిందనిపిస్తే కౌన్సిలర్ దగ్గరికి వెళ్ళు, అది విశ్వాసం లేకపోవడం కాదు.

ప్రశ్న: మా ఊళ్ళో పునీత అంతోనివారి పండుగకి తేరు ముందు ఏ వీధికి వెళ్ళాలన్న దాని మీద రెండేళ్ళుగా తగువు. పేటలో వాళ్ళు తేరుకి భుజం పట్టకూడదని ఊళ్ళో కొందరి పట్టుదల. నేను కమిటీలో ఉన్నాను. ఇవన్నీ లోక వ్యవహారాలు, ఆత్మీయులు తలదూర్చకుండా జపమాల చెప్పుకుంటూ ఉండడమే మేలని నా ఉద్దేశం. మీరేమంటారు?
– విచారణ కమిటీ సభ్యుడు

జవాబు: కాదంటాను. మీరు కులం అన్న మాట రాయకుండా ఉత్తరమంతా రాశారు, కాబట్టి నేను రాస్తున్నాను. ఇది కులం గొడవ.

పౌలుగారు ఇలాంటిదాన్ని చూశారు. అంతియోకులో పేతురుగారు అన్యజనుల (యూదులు కానివాళ్ళ) నుంచి వచ్చిన విశ్వాసులతో కలిసి భోంచేస్తూ, యెరూషలేము నుంచి కొందరు యూదు విశ్వాసులు రాగానే భయపడి పంక్తి మార్చేశాడు. పౌలుగారు జపమాల చెప్పుకుంటూ కూర్చోలేదు (అప్పటికి జపమాల లేదనుకోండి), అందరి ముందూ నిలదీశారు, అదీ సాక్షాత్తు పేతురుని. గలతీయుల లేఖ రెండో అధ్యాయంలో ఉంది. ఆత్మ ఫలాల (పవిత్రాత్మ మనలో పండించే సుగుణాల) సంగతి అదే లేఖలో ఐదో అధ్యాయంలో వస్తుంది, మధ్యలో మూడో అధ్యాయంలో యూదుడనీ గ్రీకువాడనీ లేదు, దాసుడనీ స్వతంత్రుడనీ లేదు అన్నది వస్తుంది. రెండూ మూడూ దాటేసి నేరుగా ఐదుకి దూకితే కుదరదు. 2003లో తమిళనాడు మేత్రాణులు రోముకి వెళ్ళినప్పుడు పునీత రెండవ జాన్ పాల్ పోప్ గారు కూడా క్రైస్తవుల మధ్య కులభేదం నిజమైన ఆధ్యాత్మికతకే ముప్పు అన్నారు. మీరు దాన్ని ఆధ్యాత్మికతకి సంబంధం లేనిదంటున్నారు.

వచ్చే మీటింగులో లేచి, పేటవాళ్ళు భుజం పట్టకపోతే నేనూ పట్టను అని చెప్పండి. నాలుగు మాటలు పడతాయి. సౌమ్యత ఆత్మ ఫలాల్లో ఒకటే, కాబట్టి అరవకుండా చెప్పండి, కానీ చెప్పండి.

ప్రశ్న: తపస్సు కాలంలో (ఈస్టరుకి ముందు ఉపవాస దినాల్లో) శుక్రవారాలు చికెన్ మానేసి కొర్రమీను పులుసు, రొయ్యల వేపుడు చేసుకున్నాం. మా అత్తగారు ఇది ఉపవాసం కాదు, వేషం అంటున్నారు. ఎవరిది కరెక్టు?
– ఒక గృహిణి, ఏలూరు

జవాబు: చట్టం ప్రకారం మీరు గెలిచారు. 14 ఏళ్ళు నిండినవాళ్ళు మాంసం మానాలని ఉంది, చేప మాంసం లెక్కలోకి రాదు. విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం మాత్రం 18 నుంచి 59 ఏళ్ళవాళ్ళకి ఉపవాసం కూడా ఉంది.

మిగతా విషయంలో మీ అత్తగారిదే కరెక్టు. కొర్రమీను కిలో ఎంత పడిందో మీరు రాయలేదు. ఉపవాసం ఉండి మీ పనివాళ్ళని పీడిస్తారేం, ఆకలిగొన్నవాడికి రొట్టె విరిచివ్వడం కదా ఉపవాసం అని యెషయా 58వ అధ్యాయంలో దేవుడు విసుక్కుంటాడు, ఒకసారి అత్తగారితో కలిసి చదవండి. వచ్చే ఏడు శుక్రవారాలు పప్పుచారు పెట్టండి. దానికీ కొర్రమీనుకీ మధ్య తేడా ఎంతో లెక్కేసి, ఆ డబ్బు మీ వీధిలో పింఛను మీద బతుకుతున్న ఎవరికైనా ఆ రోజే ఇచ్చేయండి. ఎంత ఇచ్చారో నాకు రాయొద్దు.