అమ్మానాన్నలని మే నెలలో మసాయి మారాకి తీసుకెళ్ళకండి

కెన్యా రాజధాని నైరోబీ వచ్చిన కొత్తలో మనవాళ్ళు చాలామంది చేసే పొరపాటే నేనూ చేశాను. ఇండియాలో ఎండలు మండిపోతున్నాయి కదా, పెద్దవాళ్ళకి ఆ నెల తప్పుతుందిలే అని మే నెలకి టికెట్లు తీసి, వాళ్ళు దిగిన వారానికే ఇక్కడి పెద్ద అభయారణ్యం మసాయి మారాకి బయల్దేరదీశాను. మార్చి నుంచి మే దాకా ఇక్కడ పెద్ద వానలు. పైగా మారాలో చాలాచోట్ల నేల మన నల్లరేగడి లాంటిదే, తడిసిందంటే చక్రాన్ని వదలదు. మా బండి రెండు గంటలు దిగబడిపోయింది. మా నాన్న కిందకి దిగనివ్వట్లేదని డ్రైవరు మీద విసుక్కుంటూ, కొమ్మలు నరికి టైరు కింద వెయ్యమని తెలుగులోనే సలహాలు!

టీవీలో చూపించే నది దాటే విల్డెబీస్ట్ (ఆవు లాంటి అడవి జంతువు) మందలు జులై నుంచి అక్టోబరు మధ్య వస్తాయి. కానీ 2024 నుంచి విదేశాల నుంచి వచ్చేవాళ్ళకి (పిల్లలకి కాదు) ప్రవేశ రుసుము జనవరి నుంచి జూన్ దాకా రోజుకి తలకి 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు దాకా 200. మీకు ఏలియన్ కార్డు (ఇక్కడ ఉండే విదేశీయులకిచ్చే గుర్తింపు కార్డు) ఉంటే రెసిడెంట్ రేటు, వాళ్ళకి మాత్రం పూర్తి రేటే. ఆ టికెట్టు కూడా ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకానే. అందుకని గేటు బయట బస చేసేవాళ్ళు మధ్యాహ్నం మూడింటికి చేరి "ఒక రౌండు వేద్దాం" అనుకోకండి, ఆ రెండు గంటలకీ ఒక రోజు డబ్బు పోతుంది. సింహాలు, ఏనుగులు ఏడాదంతా అక్కడే ఉంటాయి కాబట్టి సంక్రాంతి చేసుకుని బయల్దేరమనండి. ఫిబ్రవరిలో గడ్డి పొట్టిగా ఉంటుంది, జంతువులు బాగా కనిపిస్తాయి. ఆఫ్రికా అంటే ఎండే అనుకుని స్వెటర్లు తేరు, తెల్లవారుజామున పైకప్పు తెరిచిన బండిలో వణికిపోతారు.

ఎల్లో ఫీవర్ టీకా సంగతి ముందే చెప్పండి. కెన్యా నుంచి ఆరు రోజుల్లోపు ఇండియాలో దిగేవాళ్ళ దగ్గర ఆ కార్డు లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, హైదరాబాదులో అయితే నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. అరవై దాటినవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడగకుండా వేయించుకోకూడదు.

మోకాళ్ళు, నడుము అంత బాగా లేనివాళ్ళని ఐదారు గంటలు కుదిపి మారా దాకా తీసుకెళ్ళక్కర్లేదు. ఊరి పక్కనే నైరోబీ నేషనల్ పార్కు ఉంది, పొద్దున వెళ్ళి భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. అక్కడ ఏనుగులు ఉండవు, ఖడ్గమృగాలు మాత్రం మారాలో కన్నా తేలిగ్గా కనిపిస్తాయి.